దీపాల పండగను యంత్రం ఎట్లా చూస్తుంది?

పిల్లలూ! కార్తీకమాసంలో తెల్లవారుజామున రాజమండ్రి పుష్కరాల రేవుకు వెళ్ళినవాళ్ళకు ఆ దృశ్యం నేను వర్ణించి చెప్పనక్కరలేదు. వెళ్ళనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి గోదావరిలో వదులుతారు. అవి ఒకదాని వెనక ఒకటి బారులు తీరి, గాలికి తలలూపుతూ, దిగువకు సాగిపోతాయి. పోలిపాడ్యమి నాడైతే నది మీద చుక్కలు రాలినట్టే ఉంటుంది. గుళ్ళో ధ్వజస్తంభం చివర ఆకాశదీపం వేలాడుతూ ఉంటుంది.

తీర్థాలలో దీపాల సంగతి వేరు. సరుగుడు బాదులతో పెద్ద చట్రం కట్టి, దానికి వేలకొద్దీ రంగు బల్బులు బిగిస్తారు. చీకటి పడగానే నెమలి పురి విప్పుతుంది. చక్రం గిరగిరా తిరుగుతుంది. గరుత్మంతుడు రెక్కలాడిస్తాడు. పిల్లలు జీళ్ళు తినటం కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తారు.

ఈ రోజుల్లో ఆ దీపాలను చూసేది మనుషులు మాత్రమే కాదు. నాన్నగారి చేతిలో టెలిఫోను కెమేరా చూస్తుంది. స్తంభం మీద పోలీసువారి కెమేరా చూస్తుంది. వందల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం కూడా చూస్తుంది. ఐతే మనం చూసేదీ, యంత్రం చూసేదీ ఒకటేనా? ఈ నెల మనం ఆ యంత్రాల వెనక నిలబడి పండగను చూద్దాం. చివరికి ఇది సరదా సంగతి మాత్రమే కాదని మీకే తెలుస్తుంది.

కదలని నెమలి

మొదట మన కంటి సంగతి తెలుసుకోవాలి. తీర్థంలో నెమలి పురి విప్పుతున్నది కదా, ఆ చట్రం మీద కదిలేదేమిటి? ఏమీ కదలదు! ఒక వరస బల్బులు ఆరిపోతాయి, పక్క వరస వెలుగుతుంది. అది ఆరి, ఆ పక్కది వెలుగుతుంది. బల్బులన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. కాని మన కన్నూ, మెదడూ కలిసి ఆ వెలుగులను ఒకదానితో ఒకటి కలిపేసి, "ఇది కదిలింది" అని మనకు చెబుతాయి.

1912లో మాక్స్ వెర్దీమర్ అనే శాస్త్రజ్ఞుడు సరిగా ఈ విషయం గురించే పరిశోధన ప్రకటించాడు. రెండు గీతలను వెంటవెంటనే ఒకదాని తరవాత ఒకటి చూపిస్తే, చూసేవాళ్ళకు రెండు గీతలు కాక, ఒకే గీత ఇటునుంచి అటు జరిగినట్టు కనిపిస్తుందని ఆయన చూపించాడు. సినిమా కూడా ఇటువంటిదే. సెకనుకు 24 బొమ్మలు చూపిస్తే మనకు మనుషులు నడిచినట్టే ఉంటుంది.

మరి కెమేరా? అది సెకనుకు ముప్ఫయ్యో, అరవయ్యో విడి విడి బొమ్మలు తీసి దాచుకుంటుంది. మీరు ఆ వీడియోను ఆపి, బొమ్మ తరవాత బొమ్మ చూడండి. ఎందులోనూ నెమలి కదలదు. కొన్ని దీపాలు వెలిగి ఉంటాయి, కొన్ని ఆరి ఉంటాయి, అంతే. వీడియోను మళ్ళీ నడిపించండి. పురి విప్పుతుంది! అంటే, ఆ కదలిక బల్బుల్లోనూ లేదు, కెమేరాలోనూ లేదు. చూసేవాడిలో ఉంది. దీపాలు కట్టిన పనివాడికి ఈ రహస్యం తెలుసు. ఏ వరస ఎంతసేపు వెలగాలో అతను మన కంటిని లెక్కలో పెట్టుకునే నిర్ణయిస్తాడు.

చారలు ఎక్కడినుంచి వచ్చాయి?

సీరియల్ లైట్లను టెలిఫోనులో చూస్తున్నప్పుడు తెర మీద నల్లని చారలు పైకీ కిందికీ పాకటం మీరు గమనించారా? తల ఎత్తి బల్బుల వంక చూస్తే చారలేమీ ఉండవు. ఫోను పాడైందేమో అని కొందరు కంగారు పడతారు. ఫోనుకేమీ కాలేదు. మన కన్ను చూడలేనిదాన్ని అది చూసింది.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక్కొక్క ఊపులో అది రెండుసార్లు బలం పుంజుకుంటుంది. అంచేత దీపం సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. పాతకాలపు తీగ బల్బులో తీగ బాగా వేడెక్కి ఉంటుంది కనక, అది అంత తొందరగా చల్లారదు. దాని వెలుగు కొద్దిగా మాత్రమే ఊగుతుంది. ఎల్.ఇ.డి. దీపం అట్లా కాదు. కరెంటు తగ్గితే వెంటనే వెలుగూ తగ్గుతుంది. మంచి దీపాలలో ఈ ఊపును సరిచేసే పరికరం లోపలే అమర్చుతారు. చవక దండల్లో అది ఉండదు. కంటికి మాత్రం ఈ ఊపు తెలియదు. సెకనుకు 100 సార్లు మిణుకుమన్నది మనకు నిలకడగా వెలిగినట్టే ఉంటుంది.

ఇక ఫోను కెమేరా బొమ్మనంతా ఒక్కసారిగా చూడదు. పై వరస నుంచి కింది వరసకు, వరస వెంట వరసగా చదువుతుంది. మేష్టారు బెంచీల వారీగా హాజరు వేస్తున్నారనుకోండి. అదే సమయంలో గదిలో దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే ఏమవుతుంది? కొన్ని బెంచీల పిల్లలు వెలుగులో కనిపిస్తారు, కొన్ని బెంచీలవాళ్ళు చీకట్లో పడతారు. కెమేరా బొమ్మలో చారలు సరిగ్గా ఇవే.

చిన్న లెక్క చెయ్యండి. కెమేరా పై నుంచి కింది దాకా చదవటానికి సెకనులో 50వ వంతు పట్టిందనుకుందాం. ఆ కాస్త సేపట్లో దీపం రెండుసార్లు హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. అంచేత బొమ్మలో రెండు వెలుగు చారలూ, రెండు చీకటి చారలూ పడతాయి. 25వ వంతు పడితే ఎన్ని? మీరే చెప్పండి.

కెమేరా లేనివాళ్ళు విచారించనక్కరలేదు. మిణుకుమనే సీరియల్ లైటు ముందు, కాస్త దూరంగా నిలబడి, ఒక పెన్సిలు పట్టుకుని విసనకర్రలాగా వేగంగా ఊపండి. పెన్సిలు ఒకటే అయినా, పక్క పక్కన నాలుగైదు పెన్సిళ్ళున్నట్టు కనిపిస్తుంది. ఇదే పని పగలు ఎండలో చెయ్యండి. అక్కడ విడి విడి పెన్సిళ్ళుండవు, చెరిపేసినట్టు ఒక మసక మాత్రమే ఉంటుంది. ఎండ మిణుకుమనదు కదా! తీర్థంలో తీగలను మాత్రం ముట్టుకోకండి. వానకు తడిసిన తీగలు ప్రాణం తీస్తాయి.

ఎర్ర బల్బు తెల్లబోయింది

మరో వింత చూడండి. నెమలి మెడలో ఎర్ర బల్బులున్నాయి. ఫోటోలో చూస్తే వాటి నడుమ తెల్లగా ఉండి, చుట్టూ మాత్రం ఎర్రటి అంచు ఉంటుంది. ఇదెట్లా జరిగింది?

కెమేరా లోపల లక్షలకొద్దీ సూక్ష్మమైన గదులున్నాయి. వాటిని వానలో వరసగా పెట్టిన గ్లాసులనుకోండి. వెలుగు అనే వాన వాటిలో పడుతుంది. ఒక్కొక్క గ్లాసు మీద ఒక రంగు గాజు మూత ఉంటుంది: ఎరుపు, ఆకుపచ్చ, లేదా నీలం. ఈ అమరికను కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టాడు. 1976లో ఆయనకు దానిపై హక్కు లభించింది. ఇందులో ఆకుపచ్చ మూతలు మిగతావాటికి రెట్టింపు ఉంటాయి, ఎందుకంటే మన కన్ను ఆకుపచ్చను ఎక్కువగా పసిగడుతుంది.

ఎర్ర బల్బు ఎదురుగా ఉంటే ఎర్ర గ్లాసు గబగబా నిండుతుంది. మిగతా మూతలగుండా కూడా ఎరుపు ఏ కొంచెమో జారుతుంది. బల్బు మరీ దగ్గరగా, మరీ ప్రకాశంగా ఉంటే, ఎర్ర గ్లాసు పొర్లిపోతుంది. అది నిండిన తరవాత ఎంత వాన పడ్డా లెక్కకు రాదు. ఈలోగా మిగతా రెండు గ్లాసులు కూడా నిండిపోతాయి. మూడు రంగులూ సమంగా నిండితే కెమేరా లెక్కలో అది తెలుపు! అందుకే ఎర్ర బల్బు తెల్లబోతుంది.

ఇందుకు వ్యతిరేకమైనది కూడా ఉంది. టెలివిజను రిమోటును ఫోను కెమేరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కండి. రిమోటు ముందు భాగాన ఊదారంగు వెలుగు మిణుకుమనటం తెర మీద కనిపిస్తుంది. మన కంటికి అక్కడ ఏమీ ఉండదు. రిమోటు పంపేది పరారుణ కిరణం. మన కన్ను దాన్ని చూడలేదు, కెమేరా చూస్తుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమేరా ఆ కిరణాన్ని అడ్డగిస్తుంది కనక, ముందు కెమేరాతో కూడా ప్రయత్నించండి.

దీన్నిబట్టి ఏం తెలిసింది? యంత్రం మన కన్ను చూడనివి కొన్ని చూస్తుంది, మన కన్ను చూసేవి కొన్ని చూడలేదు. అది అబద్ధం చెప్పదు. కాని దాన్ని ఎందుకు, ఎట్లా తయారుచేశారో అంతవరకే చెబుతుంది. ఈ మాట గుర్తుంచుకుని, ఇక ఆకాశంలోకి వెళదాం.

అర్ధరాత్రి దాటాక వచ్చే చూపరి

2011 అక్టోబరు 28న అమెరికావారు సువోమి అనే ఉపగ్రహాన్ని పంపారు. దాని మీద రాత్రిపూట భూమి మీది దీపాలను చూసే ఒక పరికరం ఉంది. అటువంటి పరికరంతోనే 2017లో ఒకటి, 2022లో ఒకటి మరి రెండు ఉపగ్రహాలను పంపారు. ఇవి సుమారు 824 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు 14 సార్లు భూమిని చుట్టివస్తాయి. ఆ పరికరం ఎంత సున్నితమైనదంటే, చుట్టూ కటికచీకటిగా ఉన్న సముద్రం మీద ఒక్క ఓడ దీపాలను పట్టెయ్యగలదు.

అంత గొప్ప కన్ను ఉన్నప్పుడు, దీపావళి రాత్రి మన దేశమంతా ధగధగా మెరుస్తూ కనిపించాలి కదా? చాలామంది అట్లాగే అనుకున్నారు. అనుకోవటమే కాదు, "దీపావళినాడు ఆకాశం నుంచి భారతదేశం" అంటూ ఒక రంగుల బొమ్మను ఏటేటా ఒకరికొకరు పంపుకుంటూ వచ్చారు. అందులో దేశమంతా ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు రంగులతో రత్నాలు చల్లినట్టుంటుంది.

ఆ బొమ్మ అసలు కథ వినండి. అది ఏ దీపావళి రాత్రీ తీసినది కాదు. క్రిస్ ఎల్విడ్జ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 2003లో దాన్ని కూర్చాడు. వేరు వేరు సంవత్సరాలలో ఉపగ్రహాలు చూసిన దీపాలను ఒకే పటం మీద పెట్టి, ఊళ్ళు ఎట్లా పెరిగాయో తెలియటానికి ఆయన రంగులు వేశాడు. 1992కు ముందే ఉన్న దీపాలు తెలుపు. 1992లో కనిపించినవి నీలం, 1998లో కనిపించినవి ఆకుపచ్చ, 2003లో కనిపించినవి ఎరుపు. పదేళ్ళ లెక్క ఒక్క రాత్రి బాణాసంచాగా మారిపోయింది! బొమ్మ తప్పు కాదు. దాని కింద ఎవరో రాసిన మాట తప్పు.

2012 నవంబరులో, దీపావళి రోజుల్లో సువోమి తీసిన నిజమైన ఫోటోను నాసావారు ప్రకటించారు. అందులో రంగులు లేవు. మామూలు రాత్రిలాగే ఊళ్ళు చుక్కలుగా ఉన్నాయి. దీపావళికి అదనంగా వెలిగే వెలుగు చాలా స్వల్పమనీ, ఆకాశం నుంచి బహుశా కనిపించదనీ వారు చెప్పారు.

ఎందుకు కనపడదు?

ఇందుకు చాలా కారణాలున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది వేళ. ఈ ఉపగ్రహాలు మన మీదికి వచ్చేది సుమారు రాత్రి ఒంటిగంటన్నరకు. అప్పటికి మీ గుమ్మం ముందు ప్రమిదల్లో నూనె అయిపోతుంది. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు ఎప్పుడో కాలిపోతాయి. మీరు నిద్రపోతూ ఉంటారు. విందంతా అయి, విస్తళ్ళు తీసేశాక వచ్చిన చుట్టంలాంటిది ఆ ఉపగ్రహం.

రెండోది కొలత. ఆ కన్ను చూసే అతి చిన్న చుక్క, ఒక్కొక్క పక్క సుమారు 750 మీటర్లు ఉంటుంది. అంటే దాదాపు 140 ఎకరాలు! ఆ 140 ఎకరాల్లో ఉన్న దీపాలన్నీ కలిపి ఒకే అంకెగా మారతాయి. నెమలి లేదు, చక్రం లేదు, గరుత్మంతుడు లేడు. పట్నంలో వీధి దీపాల రాశి ముందే ఉంటుంది. అందులో ప్రమిదల వెలుగు కలపటం పుట్టెడు ధాన్యంలో పిడికెడు గింజలు పొయ్యటంలాంటిది.

మూడోది రంగు. వెలుగు తరంగాలను నానోమీటర్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో పదిలక్షో వంతు ఒక నానోమీటరు. మన కన్ను సుమారు 400 నుంచి 700 దాకా చూస్తుంది. ఈ పరికరం 500 నుంచి 900 దాకా చూస్తుంది. అంటే నీలం దానికి కనపడదు! తెల్లని ఎల్.ఇ.డి. దీపం లోపల నిజంగా వెలిగేది నీలి దీపమే. దాని మీద పసుపు పొడి పూసి తెలుపు తెప్పిస్తారు. ఆ నీలి దీపాన్ని కనిపెట్టినందుకు 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. కాని ఆ నీలి భాగం ఉపగ్రహానికి అందదు. ఒక ఊళ్ళో పచ్చని సోడియం దీపాలు తీసి తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు పెడితే, ఊరివాళ్ళు "వెలుగు పెరిగింది" అంటారు, యంత్రం "తగ్గింది" అన్నా అనవచ్చు. అదే నూనె దీపంలోనైతే ఎరుపు, దానికి అవతల ఉన్న పరారుణం ఎక్కువ. చిత్రం చూశారా? మన తాతముత్తాతల దీపమే ఆ కొత్త కంటికి ఎక్కువ నచ్చుతుంది!

నాలుగోది చంద్రుడు. దీపావళి అమావాస్య నాడు. ఆకాశంలో చంద్రుడుండడు కనక యంత్రానికి అది తేలికైన రాత్రి. కార్తీక పూర్ణిమ అట్లా కాదు. నిండు చంద్రుడి వెలుగు గోదావరి మీద, ఇసుక తిన్నెల మీద, మబ్బుల మీద పడి పైకి చిమ్ముతుంది. శాస్త్రజ్ఞులు ఆ రాత్రి వెన్నెల ఎంతో లెక్కకట్టి, దాన్ని తీసివేస్తేగాని దీపాలు ఎంతో తేలవు.

ఐతే పండగ వెలుగును ఉపగ్రహం ఎన్నడూ పట్టలేదా? పట్టింది. 2014లో నాసావారు ఒక పరిశోధన ప్రకటించారు. అమెరికా పట్నాలలో నవంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా, క్రిస్మస్ రోజుల్లో, చాలాచోట్ల రాత్రి వెలుగు 20 నుంచి 50 శాతం హెచ్చింది. రంజాను నెలలో పశ్చిమాసియాలోని కొన్ని పట్నాలలో 50 శాతానికి పైగా హెచ్చింది. అవి వారాల తరబడి, రాత్రంతా వెలిగే దీపాలు. అనేక రాత్రుల లెక్క కలిపి చూస్తే తేడా తేలింది. ఒక్క పూట వెలిగి ఆరే దీపాన్ని పట్టటం మాత్రం కష్టం.

ఆరిన దీపాల లెక్క

"మా దీపాలు ఉపగ్రహానికి కనపడకపోతే ఏం నష్టం?" అని మీరడగవచ్చు. పండగ వరకు ఏమీ నష్టం లేదు. మనం దీపం పెట్టేది ఉపగ్రహం కోసం కాదు. కాని ఆ పరికరానికి మరో పని ఉంది. అది వెలిగిన దీపాలనే కాదు, ఆరిపోయిన దీపాలను కూడా లెక్కపెడుతుంది.

2019 మే 3న ఫణి తుఫాను ఒడిశాలో పూరీ దగ్గర తీరం దాటింది. తుఫానుకు ముందు తీసిన ఫోటోనూ, తరవాత తీసిన ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూస్తే, భువనేశ్వరంలోనూ, కటకంలోనూ ఎక్కడెక్కడ దీపాలు ఆరిపోయాయో తెలిసింది. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను అమెరికావైపు పోర్టోరికో ద్వీపాన్ని ముంచెత్తినప్పుడు కూడా ఇట్లాగే చూశారు. ఏ ప్రాంతానికి కరెంటు ఎన్నాళ్ళకు తిరిగి వచ్చిందో ఉపగ్రహం లెక్క చెప్పింది. ఎక్కడ చీకటిగా ఉందో తెలిస్తే, సాయం ఎక్కడికి ముందు పోవాలో తెలుస్తుంది.

ఇప్పుడు మన కోనసీమను తలుచుకోండి. 1996 నవంబరు 6 రాత్రి భయంకరమైన తుఫాను గోదావరి డెల్టా మీద విరుచుకుపడింది. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. వందలమంది చనిపోయారు. ఇంకా ఎందరో కనిపించకుండా పోయారు. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. కరెంటు స్తంభాలు విరిగి, రోడ్లకు అడ్డంగా చెట్లు పడి, ఊరికీ ఊరికీ సంబంధం తెగిపోయింది. మీ ఇంట్లో తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి. ఆ ఏటి దీపావళి ఎట్లా జరిగిందో వాళ్ళు చెబుతారు.

అప్పటికి ఈ సువోమి లేదు. ఇప్పుడటువంటి తుఫాను వస్తే ఉపగ్రహం చూస్తుంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం వంటి పట్నాలలో దీపాలు ఆరితే, మబ్బు విడిచిన మొదటి రాత్రే దానికి తెలుస్తుంది. మబ్బు విడిచేదాకా మాత్రం దానికి కింద ఏమీ కనపడదు.

కాని ఒక చిన్న లంక ఊరు ఉందనుకోండి. అందులో ముప్ఫై ఇళ్ళున్నాయి. రాత్రి తొమ్మిదింటికల్లా దీపాలు ఆర్పి పడుకుంటారు. ఇళ్ళ మీద కొబ్బరాకులు గొడుగు పట్టినట్టు కమ్ముకుని ఉంటాయి. రాత్రి ఒంటిగంటన్నరకు ఉపగ్రహం చూసే 140 ఎకరాల చుక్కలో, తుఫానుకు ముందు కూడా చీకటే. తుఫాను తరవాత కూడా చీకటే. రెండు ఫోటోలనూ పక్కన పెడితే తేడా ఏమీ ఉండదు. యంత్రం "ఇక్కడ ఏమీ మారలేదు" అంటుంది. నిజానికి అక్కడ పైకప్పులెగిరిపోయి ఉండవచ్చు, పిల్లలు ఆకలితో ఉండవచ్చు.

చూశారా, ఎవరి దీపం మొదటినుంచీ యంత్రానికి ఆనలేదో, వాళ్ళ చీకటి కూడా యంత్రానికి ఆనదు. పట్నంలో పెద్ద దీపాలున్నవాడి కష్టం వెంటనే లెక్కలోకి వస్తుంది. లంకలో చిన్న దీపం ఉన్నవాడి కష్టం రాదు. ఇందులో యంత్రం తప్పు లేదు. దాని లెక్క ఒక్కటే చాలునని మనిషి ఊరుకుంటే, అది మనిషి తప్పు.

వెలుగు చూసినంతమాత్రాన దాని వెనక ఉన్నది సంతోషమో, కష్టమో కూడా యంత్రానికి తెలియదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి అంటుకున్నది. ఆ మంట 65 రోజులు మండింది. సంక్రాంతి వెళ్ళిపోయింది, మాఘమాసం వచ్చింది, మంట మాత్రం ఆరలేదు. చుట్టుపక్కలవాళ్ళు ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. రాత్రులు ఎంతో దూరానికి ఆకాశం ఎర్రగా కనిపించేది. ఈనాటి ఉపగ్రహాలు వేడిని కొలిచి, ఇది కరెంటు దీపం, ఇది మంట అని విడదీసి చెప్పగలవు. కాని ఇది జాతర, ఇది ఆపద అని చెప్పటానికి నేల మీద మనిషే కావాలి.

మీరు చెయ్యవలసిన పని

కనక ఇకమీదట ఎవరైనా యంత్రం తీసిన బొమ్మ చూపించి, "ఇదుగో సాక్ష్యం" అంటే, మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఈ యంత్రం వేటిని చూడగలదు? ఏ వేళప్పుడు చూసింది? ఈ రంగులు యంత్రం చూసినవా, ఎవరైనా తరవాత వేసినవా? ఈ మూడు ప్రశ్నలూ ముందే అడిగి ఉంటే, ఆ దీపావళి బొమ్మ అన్ని ఇళ్ళకు తిరిగేది కాదు.

రెండో పని పుస్తకం, పెన్సిలు పట్టుకుని చెయ్యాలి. వచ్చే అమావాస్య రాత్రి ఎనిమిది గంటలకు, ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి నడవండి. ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయి, ఎన్ని ఆరిపోయాయి, ఏ ఇంటికి దీపం లేదు, ఏ ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్నారు, అన్నీ రాసుకుని ఒక పటం గియ్యండి. చెట్ల నీడన ఉన్న ఇళ్ళను మరిచిపోకండి. ఆ పటాన్ని మీ మేష్టారికి చూపించండి. నలుగురు పిల్లలు నాలుగు వీధులు గీస్తే ఊరి పటం తయారవుతుంది. దాని నకలు ఒకటి పంచాయతీ ఆఫీసులో ఇవ్వండి. తుఫాను రోజుల్లో అది ఎంతో పనికివస్తుంది.

మీరు గీసిన పటంలో ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క చుక్క. 824 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కంటికి ఆ లెక్క తెలియదు. మీకు తెలుస్తుంది.

పైన అడిగిన చారల లెక్కకు జవాబు: నాలుగు వెలుగు చారలు, నాలుగు చీకటి చారలు. సరిగా చెప్పినవాళ్ళు తమ భుజం తామే తట్టుకోవచ్చు!